వేళ్ల కషాయానికి నురగ

1880 వేసవి. ఫిలడెల్ఫియాలో ఒక వంటిల్లు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. ఇంటావిడ పొట్లం విప్పి వేళ్లు, బెరళ్లు, ఆకులు కలిపి దంచిన పొడి అందులో పోసింది. ఆవిరి ముఖానికి కొట్టగానే మీరు ఒకడుగు వెనక్కేస్తారు. మోకాళ్లకు రాసుకునే నొప్పుల మందు వాసన! మీ ముక్కు పొరపడలేదు. అందులో వింటర్‌గ్రీన్ ఆకు ఉంది. దాని నూనెలో ఉండే మిథైల్ సాలిసిలేటే మన బామ్ సీసాల్లోనూ ఉంటుంది. అమెరికాకు కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లు ఈ పానీయం, అంటే రూట్‌బీర్ మొదటి గుక్కకే మొహం చిట్లించడానికి కారణం అదే. ఆవిడకు మాత్రం అది చిన్నప్పటి ఎండాకాలం వాసన.

పొట్లం 25 సెంట్లు. దాంతో 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు తయారవుతుంది. అమ్మేది చార్లెస్ హైర్స్ అనే మందుల షాపాయన. ఈ ఊళ్లోనే 1876లో జరిగిన అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది ప్రదర్శనలో జనానికి రుచి చూపించాడంటారు. ఆయనేమీ కొత్తగా కనిపెట్టలేదు. ఇందులో వాడే సాసఫ్రాస్ చెట్టు వేరు బెరడు అక్కడి ఆదివాసులకు ఎప్పటినుంచో మందు. పల్లెల్లో ఇంటింటా ఇలాంటి కషాయం కాచేవాళ్లు. అడవిలో తవ్వే శ్రమ తప్పించి, పొట్లం కట్టడమే హైర్స్ తెలివి.

వడకట్టారు. చక్కెర ధారాళంగా పోశారు. గోరువెచ్చనయ్యాక ఈస్ట్ కలిపి, సీసాల్లో నింపి, బిరడాలు తాళ్లతో బిగించి నేలమాళిగలోకి దించారు. ఈస్ట్ చక్కెర తింటుంది, గ్యాస్ వదులుతుంది. రెండో రాత్రి కింద ఢామ్మని చప్పుడు. ఒక సీసా పేలింది. ఇంట్లో ఎవరూ లేచి చూడరు, ఏటా ఉండేదే.

పేరులో బీరుందని 1895లో మద్యనిషేధ ఉద్యమ మహిళలు హైర్స్ సరుకును బహిష్కరించమన్నారు. పాపం, ఆయనా మద్యానికి ఆమడ దూరముండే క్వేకర్ క్రైస్తవుడే! పరీక్ష చేయిస్తే అందులోని ఆల్కహాల్ సగం రొట్టెలో ఉన్నంతేనని తేలింది. 1898లో బహిష్కరణ ఎత్తేశారు.

ఇప్పుడు దేశం ఆ చివరికి రండి. 1919 జూన్ 20, కాలిఫోర్నియాలోని లోడై. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఊరేగింపు. ఎండ మాడ్చేస్తోంది. రాయ్ అలెన్ కొత్తగా పెట్టిన బడ్డీ దగ్గర రూట్‌బీర్ మగ్గు ఐదు సెంట్లు. ఏడు నెలలు తిరిగేసరికి దేశమంతా మద్యనిషేధం వచ్చింది, ఆయన పంట పండింది. 1922లో ఫ్రాంక్ రైట్ భాగస్థుడయ్యాడు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఏ అండ్ డబ్ల్యూ అనే రూట్‌బీర్ బ్రాండ్ పేరయ్యాయి.

సాసఫ్రాస్‌లోని సాఫ్రోల్ అనే పదార్థం వల్ల ఎలుకల కాలేయంలో కణుతులు వస్తున్నాయని తేలడంతో 1960లో అమెరికా దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. అప్పటినుంచి ఆ రుచిని వేరే దినుసులతో తెప్పిస్తున్నారు. జనం తాగడం మానలేదు.

మొదటిసారి తాగబోతుంటే ఒట్టిది వద్దు. వెనీలా ఐస్‌క్రీమ్ ముద్ద వేసి ఫ్లోట్ చేయించుకోండి. నురగ మగ్గు అంచు దాటి పొంగుతుంది. చెంచా, స్ట్రా రెండూ అడగండి.