నొప్పి లేని మచ్చ

కుష్ఠుని మన ఊళ్ళలో చాలామంది పేరు పెట్టి పిలవరు. పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. ఒంటిమీద మచ్చ కనబడ్డా జనం చర్మవైద్యుడి దగ్గరికి ఎందుకు వెళ్ళరు అంటే, "అవగాహన లేక" అన్న జవాబు వెంటనే వస్తుంది. ఈ జబ్బు చరిత్ర చదివాక ఆ జవాబు నాకు సరిపోవడం లేదు.

మొదటి కారణం జబ్బులోనే ఉంది. 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టిన ఈ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. లక్షణాలు బయటపడటానికి సగటున 5 ఏళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళు కూడా పడుతుంది. ముందు పాలిపోయిన మచ్చ వస్తుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు, తరచుగా అక్కడ స్పర్శే ఉండదు. బాధపెట్టని మచ్చ కోసం ఒకరోజు కూలి వదులుకుని పట్నం పోయేదెవరు?

రెండో కారణం చట్టం. 1898 నాటి లెపర్స్ యాక్టు ప్రకారం, బిచ్చమెత్తుకునే రోగిని పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగలిగేవారు. రోగులు అమ్మకానికి తిండి వండకూడదని, ఊరుమ్మడి బావిలో నీళ్ళు తోడకూడదని ప్రభుత్వం ఉత్తర్వులివ్వగలిగేది. అయితే, పుండు పడ్డవాడే ఆ చట్టం మొదట రాసుకున్న నిర్వచనంలో రోగి. మచ్చ దశలో ఉన్నవాడు దాని కంటికి ఆనేవాడు కాదు. అలా ఆనకుండా ఉండటమే అతనికి మేలు. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఇంతే: బగ్గు చూపించినవాడినే తిడితే తగ్గేది రిపోర్టులు, బగ్గులు కావు.

దీనికి భిన్నమైన దారి మన దగ్గరే మొదలైంది. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టారు. రోగుల్ని ఊరికి దూరంగా దాచడం కాక, వైద్యం చేయడం దాని పని. అప్పటికి చేతిలో ఉన్నది చాల్‌మోగ్రా నూనె లాంటి మందులే.

అసలైన మందు తర్వాత వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. 6 నెలలో 12 నెలలో మాత్రలు మింగితే జబ్బు నయమవుతుంది. మన దగ్గర ఆ మాత్రలు ఉచితం. కానీ హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల్లోంచి కుష్ఠుని తీసేసింది 2019లో. అంటే నయమయ్యే జబ్బని తేలాక కూడా 38 ఏళ్ళపాటు, వీపు మీది మచ్చ చూపించుకున్న ఆడమనిషి కాపురం పోగొట్టుకునే వీలుంది. ఆమె మచ్చ దాచుకుంటే దాన్ని అజ్ఞానం అనగలమా? లెక్క వేసుకునే దాచింది.

ఆ లెక్కలో నష్టం కూడా ఆమెదే. మాత్ర క్రిమిని చంపుతుంది గానీ, ఏళ్ళ తరబడి చచ్చుబడ్డ నరాన్ని బతికించలేదు. ఆలస్యానికి ధర వేళ్ళతో కట్టాలి.

2005 చివరికల్లా ప్రజారోగ్య సమస్యగా కుష్ఠుని నిర్మూలించామని మన దేశం ప్రకటించింది. 2023లో లక్షకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. ఇప్పుడు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి మచ్చలున్నాయా అని అడుగుతున్నారు. మంచిపనే. ఆ అడిగే సమయానికి గదిలో ఇంకెవరు కూర్చుని ఉన్నారన్నది కూడా చూసుకోవాలి.