ఎవరికి దగిన వస్త్రము వారికి: గోదావరీ తీరపు నేతచరిత్ర

దేవలమహర్షి విష్ణునాభికమల తంతువులను గొని దేవమానవాదులకు వస్త్రములు నేసి యిచ్చెనని మన దేవాంగపురాణము చెప్పుచున్నది. కట్టువారి నెఱిగి నేయుట మన వృత్తిధర్మము. అది యెట్లు నిలిచెనో, యెట్లు చెదరెనో కులబాంధవు లెల్లరు తెలిసికొనదగును.

పూర్వము పల్లెలో నేతగాడు, కట్టువాడు నొకరి నొక రెఱుగుదురు. సేద్యగానికి ముతకపంచె, గృహిణికి అంచుచీర, వధూవరులకు మధుపర్కములు వేర్వేఱుగా సిద్ధమయ్యెడివి. పడుగు పూన్చిన పిమ్మట బట్ట వెడల్పును, నిలువుపోగుల రంగును మార్చుట దుర్ఘటము. పేకనూలు మార్చినచో చెంగును, బుటాలను కోరినవారి యిచ్చకొలది తీర్పవచ్చును. ఒక్క పడుగుననే చీర కొక సొగసు కూర్చుటకు మర్మ మిదియే.

1611లో మచిలీపట్టణమున అడుగిడిన ఆంగ్లవర్తక సంఘమువారు కాలక్రమమున మన సీమకును వచ్చిరి. గౌతమీ వసిష్ఠల నడిమి రావులపాలెమునకు తూర్పున యానాము చెంత ఇంజరమునను, దక్షిణమున నరసాపురము చెంత మాధవాయపాలెమునను కోఠీలు నిలిపిరి. మాధవాయపాలెపు పేరు ‘మడపొల్లం’ అను వస్త్రనామమై ఐరోపాభాషల కెక్కెను. కీర్తి కలిగెను గాని కట్టువాడు కంటికి దూర మయ్యెను. అతని కోరిక మచ్చుబట్ట రూపమున కోఠీకి వచ్చెడిది. బయానా గొన్న నేతగాడు మచ్చునకును, కోఠీవారి ధరకును లోబడవలసివచ్చెను.

1813లో సంఘమువారి హిందూదేశ వర్తకపు గుత్త తొలగెను. 1833 నాటి శాసనముతో వారి వర్తకమే ముగిసెను. అంతలో సీమనుండి మరబట్ట వచ్చి పడెను. వేల గజముల నొకే తీరున నేయుట మరకు సుకరము; చౌకదనమున దానితో చేమగ్గము పోటీపడజాలదు.

అయినను మగ్గము నశింపలేదు. అమలాపురము చెంత బండారులంకలో నేత నిలిచియున్నది. 2009లో భౌగోళిక సూచిక పొందిన ఉప్పాడ జాందానీలో ప్రతిపువ్వును చేతితో పేకలో నిమిడ్చెదరు. కావుననే కోరినవారి కోరిన పువ్వు నేయనగును. నేడు మరమగ్గములు మన నమూనాలను సైత మనుకరించుచున్నవి. నమూనా నపహరింపవచ్చును గాని, ఎదుటివారి నెఱిగి నేయు నేర్పు నపహరింప శక్యము గాదు.

కావున పోషకులారా! మీకై పువ్వు మార్చి నేయుమని కోరునపుడు ఆ మార్పునకు పట్టు దినముల కూలిని ధరలో గణింపుడు. సోదరులారా! మీరును దానిని వెఱవక యడుగుడు. ఆ కూలి దక్కనినాడు మన బిడ్డలు మగ్గపు గుంటలోనికి దిగరు.