పని మానుకొను హక్కు

ఆంధ్రమహాభారతమున ఐదవ పర్వమునకు ఉద్యోగపర్వమని పేరు. అందలి కథకు నెలజీతముతో సంబంధమేమియు లేదు. రాబోవు యుద్ధమునకై ఇరుపక్షములవారును చేసిన సన్నాహమే అచట ఉద్యోగము. పూనిక, యత్నము, ప్రయత్నపూర్వకమైన కార్యారంభము అని ఆ శబ్దమునకు అర్థము. ‘ఉద్యోగం పురుషలక్షణం’ అని పెద్దలు పలికినప్పుడును మనుష్యుడు పూనిక గలవాడై యుండవలెనన్నదే వారి తాత్పర్యము. కచేరీలు, కలెక్టరు కార్యాలయములు, రైల్వే కంపెనీలు మన దేశమున వెలసిన పిదప ఆ విశాలమైన మాట క్రమక్రమముగా కుంచించుకొనిపోయి, ఒకరి క్రింద జీతమునకు కుదురుకొనుట యను ఒక్క అర్థముననే నిలిచినది. నేడు పెండ్లిసంబంధము చూడవచ్చినవారు ‘అబ్బాయికి ఉద్యోగమున్నదా?’ అని అడుగుదురు. తెల్లవారుజామున లేచి పది ఎకరముల మాగాణి సాగుచేయువాని తండ్రి ఆ ప్రశ్నకు తలవంచుకొని ‘లేదండీ, వ్యవసాయమే’ అని బదులు చెప్పును. ఒక మాట అర్థము మారుటలో ఒక జాతి గౌరవమర్యాదలు ఎంతగా మారినవో ఈ సమాధానమున కనబడుచున్నది.

ఆ సంకుచితార్థము మీదనే నేడు లోకమున ఒక తిరుగుబాటు పుట్టినది. 2021 నవంబరు ఒక్క నెలలో అమెరికా సంయుక్తరాష్ట్రములయందు దాదాపు 45 లక్షలమంది తమంత తాము ఉద్యోగములను విడిచిరి. ఆ సంవత్సరమే చైనాలో, ఉదయము మొదలు రాత్రివరకు కార్యాలయములలో మగ్గిపోవుచుండిన యువకుల నడుమ ‘తాంగ్ పింగ్’ అను మాట వ్యాపించినది. కదలక మెదలక పడుకొనియుండుట అని దాని అర్థము. ఈ వార్తలు చదివిన మన పెద్దలలో పెక్కుమంది ఇది కడుపు నిండినవారి సోమరితనమని తేల్చివేసిరి. ఆ తీర్పు తొందరపాటుతో కూడినదని నా దృఢమైన అభిప్రాయము. పనిచేయుటకు ఇష్టపడకపోవుట వేరు, పని మానుకొనుటకు స్వాతంత్ర్యము కోరుట వేరు; ఈ రెండవదానికి మన తెలుగునేల మీద రెండువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు.

పదునెనిమిదవ శతాబ్దమున మచిలీపట్టణము, మాధవాయపాలెము, ఇంజరము, విశాఖపట్టణము మొదలగు తావులలో ఇంగ్లీషు కంపెనీవారి కొఠీలుండెను. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరే ఐరోపావారి నోట ‘మడపొల్లం’ అయి, ఒక సన్నని నూలుబట్టకు నామధేయమైనది. ఆ బట్ట నేసిన దేవాంగులు, సాలెలు, కైకాలవారు ఒకరికి జీతగాండ్రు కారు. నేతగాడు తన ఇంట, తన గుంటమగ్గమున కాళ్లు దిగవిడిచి కూర్చుండి, నాడెను ఈ చేతినుండి ఆ చేతికి విసరుచు నేయును. భార్య కండెలు చుట్టును. పడుగునకు గంజి పెట్టుట ఇంటిలో సాగు పని కాదు గనుక, వాకిట వీథిపొడవున దానిని సాచి, ఎండ తీక్ష్ణము గాకమునుపే కుంచెతో దువ్వి ఆరబెట్టుదురు. వాన పట్టిననాడు ఆ పని లేదు. అమావాస్యనాడు మగ్గమే ముట్టరు. కంసాలి, వడ్రంగి, కమ్మరి మొదలగువారును అమావాస్యను సెలవుదినముగా పాటించుట మన ఊళ్లలో ఎరిగినదే. ఇంగ్లండులో చెప్పులు కుట్టువారును నేతగాండ్రును ఆదివారముతో చాలించక సోమవారమును గూడ పనిలేని దినముగా గడపుచు, దానికి ‘పునీత సోమవారము’ అని వేడుకగా పేరు పెట్టుకొనిరి. యంత్రశాలల గడియారము వచ్చి, పందొమ్మిదవ శతాబ్దమున ఆ ఆచారమును మెల్లమెల్లగా అణచివేసినది. ఎచ్చటనైనను చేతిపనివానికి కాలము తనది. ఆ కాలము పరుని సొత్తగునప్పుడే కలహము పుట్టును.

మన తీరమున ఆ కలహము బయానా సొమ్ము దగ్గర పుట్టినది. వర్తకుడు ముందుగా బయానా ఇచ్చును, నేతగాడు దానితో నూలు కొని బట్ట నేసి ఇచ్చును. కోరమండలతీరపు నేతగాండ్ర చరిత్రను పరిశోధించిన ప్రసన్నన్ పార్థసారథి ప్రభృతులు చూపినట్లు, పాత మర్యాదయందు ఈ ఒడంబడిక నేతగానికే ఎక్కువ అనుకూలముగా నుండెడిది. నూలు ధర పెరిగినను, బియ్యము ప్రియమైనను, ఇంతకంటె మంచి బేరము తగిలినను, అతడు బయానా మరల ఇచ్చివేసి ఆ ఒప్పందమునుండి విడివడవచ్చును. రాజ్యాధికారము చేత చిక్కిన పిదప కంపెనీవారు సహింపలేకపోయినది ఈ ఒక్క స్వేచ్ఛనే. తమ సొమ్ము తీసికొన్నవాడు ఇతరులకు నేయరాదనిరి. మగ్గముల మీద బంట్రోతులను కాపుంచి, ఆ బంట్రోతు బత్తెమును నేతగాని నెత్తిననే వేసిరి. నేతగాండ్రు ఊరకుండలేదు. సేనాపతులనబడు తమ కులపెద్దలను ముందుంచుకొని అర్జీలు పెట్టిరి. అర్జీలు వినబడనప్పుడు మగ్గములు మాని, ఇండ్లు విడిచి, కుటుంబములతో పొరుగుసీమలకు తరలిపోయిరి. ఊరు ఖాళీ చేసిపోవుటే ఆ కాలమున పనివాని చేతిలోనున్న మహాస్త్రము.

ఆ అస్త్రమును శాసనముచేత విరిచివేసినది 1859వ సంవత్సరపు పదమూడవ ఆక్టు. కలకత్తానగరపు ఇంగ్లీషు వ్యాపారుల విన్నపము మీద పుట్టిన ఆ చట్టము మదరాసు, బొంబాయి రాజధానులకును వర్తించినది. ముందుగా సొమ్ము తీసికొని పని విడిచిన పనివానిని మేజిస్ట్రేటు పిలిపించి, సొమ్మైన కట్టుమనియో పనియైన చేయుమనియో ఆజ్ఞాపింపవచ్చును; ఆ ఆజ్ఞ తప్పినవానికి మూడు మాసములవరకు కఠినకారాగారము. యజమాని మాట తప్పినచో అది సివిలు వ్యవహారము. కూలివాడు మాట తప్పినచో అది నేరము! ఇంగ్లండులోనే ఇట్టి యజమాని-సేవక చట్టములను 1875లో తొలగించిరి. మన దేశమున మాత్రము ఈ చట్టము ఏబదియేండ్లు అదనముగా బ్రతికి, 1926 ఏప్రిలునుండి గాని రద్దు కాలేదు. చరిత్రపుస్తకములలో 1857నకును, 1858నాటి రాణిగారి ప్రకటనకును ఎన్నియో పుటలు కేటాయించెదము; కోట్లాది కూలీల దైనందినజీవితమును శాసించిన ఈ చట్టమునకు ఒక్క పంక్తియైన దొరకదు.

సముద్రము దాటినవారి గతియు ఇట్టిదే. ఉత్తరసర్కారులనుండి ఓడలెక్కి మారిషస్సు, నెటాలు, ఫిజీ దీవులకు పోయిన తెలుగువారు ఐదేండ్ల ఒప్పందమునకు వ్రేలిముద్ర వేసి పోయిరి. మారిషస్సు చెరకుతోటలలో ఒకదినము పనికి రాకున్నచో రెండుదినముల కూలి కోసివేయుట చట్టసమ్మతముగా నుండెడిది. కోరంగి రేవు పేరున ‘కోరంగీలు’ అని పిలువబడిన మనవారు బర్మాలో మేస్త్రీల బయానాకు కట్టుబడి రంగూను ఓడరేవున బరువులు మోసిరి. 1930 మే మాసమున ఆ రేవు కూలీలు కూలి పెంపునకై పని మానగా, దొరలు బర్మావారిని తెచ్చి పెట్టుకొని, తగవు తీరినంతనే వారిని తొలగించిరి; ఆ రగులుకొన్న ద్వేషమున ఎందరో తెలుగు కూలీలు ప్రాణములు కోల్పోయిరి.

పని మానుట నేరమైనప్పుడు, మానుమని చెప్పుటయు నేరము గాకపోవునా? 1918 ఏప్రిలులో బి.పి. వాడియా మదరాసున స్థాపించిన కార్మికసంఘము మన దేశపు తొలి క్రమబద్ధమైన కార్మికసంఘములలో ఒకటి. బకింగుహాము మిల్లు కార్మికులను పనిమానునట్లు ప్రేరేపించి ఒప్పందభంగము చేయించెనని మిల్లు యజమానులు వాడియా మొదలగువారిపై హైకోర్టున దావా వేసి నిషేధాజ్ఞ పొందిరి. ఆ తీర్పు రేపిన ఆందోళన ఫలితముగనే 1926లో కార్మికసంఘముల చట్టము వచ్చినది. ఆ 1926వ సంవత్సరముననే పూర్వోక్తమైన ఆక్టును అంతరించినది గావున, పనివాని చరిత్రయందు ఆ యేడు తలచుకొనదగినది.

కాని చట్టములు బ్రిటిషు సీమకు. అడవులకును నైజామునకును అవి చేరలేదు. నర్సీపట్టణమునుండి కొండలమీదికి బాటలు వేయించుటలో మన్యపు గిరిజనులచేత బలవంతముగా పని చేయించి, న్యాయమైన కూలి ఈయక వేధించిన గూడెము తహశీల్దారు బాస్టియను దుష్కృత్యములు 1922నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు దారితీసిన కారణములలో ముఖ్యమైనవి.

తెలంగాణమున ఇట్టి బలవంతపు చాకిరికి పేరు వెట్టి. అది తెలిసినవారి నోట వినవలెనేగాని వ్రాతకు లొంగునది కాదు. దొర గడికి ఇంటికొక మనిషి పోవలెను. చాకలి బట్టలుతికి ఊరుకొనుట చాలదు, గడిలో బోళ్లు తోమి, నీళ్లు మోసి, రాత్రి దొరవారి కాళ్లు పిసుకవలెను. కుమ్మరి కుండలు, సాలెవాడు దొర ఇంటి పనివారికి బట్టలు, గీతకార్మికుడు కల్లు, మాదిగ చెప్పులును మోటబొక్కెనలును కూలి లేకయే ఇచ్చుకొనవలెను. దొరవారు కచ్చడపుబండిలో పయనించునప్పుడు ఒకడు బండికి ముందు, ఒకడు వెనుక పరుగెత్తవలెను. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటచరిత్రయందు ఈ చాకిరులను కులము కులమునకు వివరించిరి. అప్పు తీరువరకు తరతరములుగా జీతముండు పద్ధతిని ‘భగేలా’ అనిరి. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒడంబడికలను అదుపుచేయుచు శాసనము చేసినను, ఊరిలో దొర నోటిమాటయే శాసనము. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అను పలుకు వినయముచేత పుట్టినది కాదు, కాదనుటకు వీలులేని బ్రతుకునుండి పుట్టినది.

ఆంధ్రమహాసభ సంఘము పల్లెలలో వేళ్లూనినప్పుడు ప్రజలు మొట్టమొదట చేసినది భూములు పంచుకొనుట కాదు. వెట్టి మానిరి. గడిలో నీళ్లు పట్టువారు లేకపోయిరి, బండిముందు పరుగెత్తువారు లేకపోయిరి. 1946 జూలై 4వ తేదీన కడివెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియగుటతో ఆ నిరాకరణమే మహాపోరాటముగా పరిణమించినది. ఆ పోరాటమును గూర్చి మనము భూమి మాటయే ఎక్కువగా చెప్పుకొందుము. దానికి ముందు మెట్టు ‘చేయను’ అను ఒక్క మాట అని నేను తలచుచున్నాను. భూమి దక్కినవారికంటె ఆ మాట దక్కినవారు ఎక్కువ.

ఆ మాటను 1950లో రాజ్యాంగము ఇరువదిమూడవ అధికరణమున ప్రాథమికహక్కుగా స్వీకరించి, వెట్టిచాకిరిని నిషేధించినది. వెట్టికార్మిక నిర్మూలనచట్టము 1976లో వచ్చినది. 1982లో ఢిల్లీయందు ఆసియాక్రీడలకై కట్టడములు కట్టిన కూలీల వ్యాజ్యమున సుప్రీముకోర్టు తరఫున న్యాయమూర్తి పి.ఎన్. భగవతి చెప్పిన తీర్పు మరింత ముందుకు సాగినది. కత్తి చూపి చేయించునదే బలవంతము కాదు. ఆకలిచేత, వేరు గత్యంతరము లేమిచేత కనీసవేతనమునకు తక్కువగా పనికి ఒప్పుకొన్నవాడును బలవంతముగా పని చేయుచున్నవాడే యని ఆ తీర్పు సారాంశము. పాశ్చాత్యదేశముల యువకులు నేడు ఉద్యోగవ్యవస్థను గూర్చి అడుగు ప్రశ్నకు మన న్యాయస్థానము నలుబదియేండ్లకు ముందే ఆలోచన ఆరంభించినది.

1880లో పోల్ లఫార్గ్ అను ఫ్రెంచి సామ్యవాది ‘సోమరితనపు హక్కు’ అను పేర వ్యాసములు ప్రకటించి, దినమునకు మూడుగంటల పని చాలునని వాదించెను. ఆయన ఉద్దేశము గొప్పది. శీర్షిక మాత్రము ఆ వాదమునకు మేలుకంటె కీడే ఎక్కువగా చేసినదని నాకు తోచును. మన నేతగాండ్రుగాని, కడివెండి రైతుకూలీలుగాని కోరినది సోమరితనము కాదు. మగ్గము విడిచిననాడు వారింట పొయ్యి వెలుగలేదు; అయినను విడిచిరి.

నేడు హైదరాబాదున సాఫ్టువేరు కంపెనీలో పనిచేయు యువకుడొకడు రాజీనామా వ్రాసినచో, తొంబది దినముల నోటీసు పీరియడ్ అతని ముందు నిలుచును. ఆ మూడు నెలలును కొత్తవానికి పని అప్పగించుచు గడపి, చివరిదినమున ‘రిలీవింగ్ లెటర్’ చేత పడువరకు అతనికి నిశ్చింత లేదు, ఏలయనగా ఆ కాగితము లేనిదే మరొక చోట చేరనీయరు. ఇతని కష్టమును వెట్టితో పోల్చుట వెట్టి చేసినవారికి అపచారము. అయినను, ఇష్టము లేని పని విడిచిపోవుటకు ఎంత వెల చెల్లింపవలెను అను ప్రశ్నలో మాత్రము అతడు గుంటమగ్గమున కూర్చున్నవాని వారసుడే. అట్టివానిని సోమరి యనుటకు ముందు మన పెద్దలు ఈ చరిత్రను ఒకమారు స్మరింపవలెనని కోరుచున్నాను.

పాఠకులకు మరియొక విన్నపము. 1946లో పదేండ్ల పిల్లలై, తల్లిదండ్రుల వెంట గడి వాకిట నిలుచుండినవారు ఇప్పుడు తొంబదికి చేరువలో నున్నారు. అట్టి పెద్దదిక్కు మీ ఇంటనో, మీ వాడకట్టుననో యున్నచో, ఒక పూట వారి చెంత కూర్చుండి, వెట్టి మానిన దినమున ఊరు ఎట్లున్నదో అడిగి వ్రాసియుంచుడు.