గడ్డ గుర్తించిన నాటి నుంచి చికిత్స ముగిసే దాకా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో రొమ్ము క్యాన్సర్ అవగాహన, మహిళా సంఘాల పాత్ర

ఉపోద్ఘాతం

రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలి దశలో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేని గడ్డ కోసం కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి పోయే ఆడవాళ్ళు తక్కువ. పత్తి ఏరుడు, మిర్చి కోతలు అయ్యాక చూద్దామనుకుంటారు. ఈ వాయిదాలోనే వ్యాధి ముదురుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ గణాంకాల సంకలనం గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మందికి ఈ క్యాన్సర్ బయటపడింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30–49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు.

ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతాలతో 2016 అక్టోబర్ 11న ఏర్పడిన మూడు జిల్లాలు ఈ వ్యాసానికి పరిధి. అవగాహన కల్పించిన వారే రోగికి చికిత్స ముగిసేదాకా తోడుండాలనీ, ఆ పనికి గ్రామాల్లో మహిళా సంఘాలే తగినవనీ ఇక్కడి ప్రతిపాదన.

మూడు జిల్లాల స్థితి

జనగామ సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలో ఉన్నాయి. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా వరంగల్ చేరడానికి రోడ్డు మార్గమే దిక్కు. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అయినా పెద్ద క్యాన్సర్ చికిత్సకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి వంటి చోటికి పోవాల్సి వస్తుంది. భూపాలపల్లి జిల్లా పలిమెల అడవి పల్లె నుంచి అక్కడికి పోవడమంటే ఛార్జీలు, తోడు మనిషి, పోయిన కూలి, ఇంట్లో పిల్లలు — అన్నీ లెక్కలోకి వస్తాయి.

మహబూబాబాద్ జనాభాలో మూడింట ఒక వంతుకు పైగా గిరిజనులు. తండాల్లో లంబాడాల గోర్ బోలి, కొత్తగూడ, గంగారం వైపు కోయ గూడేల్లో కోయ భాష వినిపిస్తాయి. పట్టణపు తెలుగులో అచ్చు వేసిన కరపత్రం అక్కడి పెద్ద వయసు స్త్రీలకు అందదు. వాళ్ళ భాషలోనే, ఆ ఊరి మనిషే చెప్పాలి.

చేతి పరీక్షకు ఆధారాలు

ప్రతి మండలంలో మమోగ్రామ్ యంత్రం పెట్టడం ఇప్పట్లో సాధ్యం కాదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతితో చేసే పరీక్షకు మాత్రం మన దేశంలోనే బలమైన ఆధారం ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీలతో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. ముదిరిన దశలో బయటపడిన కేసులు పరీక్ష పొందని వర్గంలో 47 శాతం ఉంటే, పొందిన వర్గంలో 37 శాతం. రొమ్ము క్యాన్సర్ మరణాల్లో మొత్తం మీద కనిపించిన 15 శాతం తగ్గుదల గణాంకపరంగా నిలబడలేదు; 50 ఏళ్ళు దాటినవారిలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గుదల నిలబడింది.

తెలుగు నేల మీదా ఈ పని జరిగింది. డాక్టర్ పి. రఘురామ్ నేతృత్వంలో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012–16 మధ్య రెండు రాష్ట్రాల్లోని 15 జిల్లాల్లో, సుమారు 4,000 గ్రామాల్లో రెండు లక్షల మంది పేద స్త్రీలకు ఈ పరీక్ష చేయించింది. 3,750 మందికి పైగా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది.

దీనికి ఎదురుగా షాంఘై అనుభవం ఉంది. అక్కడ 2.66 లక్షల మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో స్వీయ పరీక్ష నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. నేర్పి వదిలేస్తే చాలదని దీని సారం.

సంఘం చేయగల పని

30 నుంచి 65 ఏళ్ళ ప్రతి స్త్రీకి ఐదేళ్ళకోసారి ఆరోగ్య కార్యకర్త రొమ్ము పరీక్ష చేయాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పథకం మొదలుపెట్టి, ఎంపిక చేసిన కేంద్రాల్లో మంగళవారాలు స్త్రీల పరీక్షలకు కేటాయించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఉచిత చికిత్స పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఏర్పాట్లు ఉన్నాయి, వాటికీ ఇంటి గడపకూ మధ్య మనిషి కావాలి.

పొదుపు, అప్పుల లెక్కల కోసం సంఘం ఎలాగూ కూర్చుంటుంది. ఆ సమావేశంలోనే ఆశా కార్యకర్త లక్షణాలు చెప్పవచ్చు: రొమ్ములో లేదా చంకలో గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం. గడ్డలన్నీ క్యాన్సర్ కావనీ, ఇది అంటువ్యాధి కాదనీ, సూది పరీక్షతో వ్యాధి పాకదనీ, తొలి దశలో చాలామందికి రొమ్ము మొత్తం తీయనక్కరలేదనీ అక్కడే చెప్పాలి. చికిత్స పొంది బాగైన స్త్రీ తనకు ఇష్టమై మాట్లాడితే ఆ మాటకు విలువ ఎక్కువ. భర్తలకూ అత్తలకూ వేరుగా చెప్పాలి. ఆస్పత్రికి ఎప్పుడు పోవాలో చాలా ఇళ్ళలో తేల్చేది వాళ్ళే.

గడ్డ బయటపడ్డాకే అసలు బాధ్యత మొదలవుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రారంభించిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం 60 రోజుల్లో నిర్ధారణ పూర్తి కావాలనీ, కనీసం 80 శాతం రోగులు చికిత్స ముగించాలనీ కోరుతోంది. ఇందుకు సంఘం నుంచి ఒకరు తోడు వెళ్ళాలి. రిపోర్టులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, కీమో తేదీలు ఆమె చూసుకోవాలి. ఛార్జీలకు ఊరి సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం చిన్న నిధి పెట్టుకోవాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం తొలి నియమం కావాలి.

ముగింపు

రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమైన అక్టోబర్‌లో జరిగే ర్యాలీలకు విలువ ఉంది. వాటి వెంట పరీక్ష, తోడు రాకపోతే ఆ విలువ నిలవదు. ఎంతమందికి చెప్పామన్నది కాక, గడ్డ ఉన్నవారిలో ఎంతమంది 60 రోజుల్లో నిర్ధారణకు చేరారు, ఎంతమంది చికిత్స ముగించారు అన్నదే కొలమానం కావాలి. ఈ రెండు అంకెలను మూడు జిల్లాల వైద్యాధికారులు, మహిళా సమాఖ్యలు కలిసి ఏటా ప్రకటించాలి. ఈ వ్యాసం చదివే ప్రతి ఉపాధ్యాయురాలు, నర్సు, సంఘం నాయకురాలు తమ ఊళ్ళో 30 దాటిన స్త్రీలందరికీ ఈ ఏడే ఒకసారి పరీక్ష జరిగేలా చూడాలని మనవి.