ధ్వని, స్పర్శ, సాక్ష్యం: ఆటిజం చరిత్రలో ఇంద్రియానుభవం – ఉత్తర తెలంగాణ సందర్భం

ఆటిజం చరిత్రను సాధారణంగా భాషకు, సామాజిక సంబంధాలకు చెందిన లోపాల చరిత్రగా రాస్తారు. ఆటిజం గలవారు ధ్వనిని, వెలుగును, స్పర్శను, వాసనను ఎలా అనుభవిస్తారన్న ప్రశ్న అందులో చాలాకాలం అంచునే నిలిచింది. ఈ విస్మరణ స్వరూపాన్ని, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అధ్యయనంపై దాని ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1943లో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ, వాక్యూమ్ క్లీనర్, లిఫ్టు వంటి యంత్రాల శబ్దానికి కొందరు తీవ్రంగా భయపడేవారని నమోదు చేశాడు. అంతటి శబ్దాన్నే ఆ పిల్లలు తామే చేస్తే ఆనందించేవారని కూడా గుర్తించాడు. అయితే ఈ భయాన్ని ఇంద్రియ లక్షణంగా కాక, ఏకాంతంలోకి జరిగిన చొరబాటుగా వ్యాఖ్యానించాడు. 1944లో హన్స్ ఆస్పెర్గర్ రుచి, స్పర్శ, ధ్వనుల పట్ల అతిసున్నితత్వాన్ని ప్రస్తావించాడు. పరిశీలన ఉంది; నిర్వచనంలో దానికి చోటు దక్కలేదు. టెంపుల్ గ్రాండిన్ (1986), డోనా విలియమ్స్ (1992) ఆత్మకథలు లోపలి అనుభవాన్ని వినిపించాయి. 2013లో డి.ఎస్.ఎం.-5 ఇంద్రియ ప్రతిస్పందనల తీవ్రతను, మాంద్యాన్ని నిర్ధారణ లక్షణాలలో స్పష్టంగా చేర్చింది.

ఈ విషయంలో తెలుగు నేలపై రూపొందిన పరికరం ముందున్నది. 1984లో స్థాపితమైన సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారుచేసిన భారతీయ ఆటిజం మాపని (ఐ.ఎస్.ఎ.ఎ.) 2009 నాటికే 40 అంశాలలో 6 అంశాలను ఇంద్రియాలకు కేటాయించింది. అంటే గరిష్ఠంగా 200 మార్కులలో 30. ఆ ఆరింటిలో మూడు చూపుకు సంబంధించినవి. కానర్ మొదట గుర్తించిన ధ్వనికి మాత్రం విడి అంశం లేదు. అది సాధారణ సున్నితత్వంలో కలిసిపోయింది.

చట్టపరమైన నమోదు మరింత ఆలస్యమైంది. 1995 వికలాంగుల చట్టం పేర్కొన్న 7 వైకల్యాలలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దానిని పేర్కొన్నది. 2016 చట్టం 21 వైకల్యాలలో చేర్చింది. 2011 జనగణనలో దానికి ప్రత్యేక వర్గం లేదు. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లాలు విడిపోయేనాటికి జనగణన పత్రాలలో ఆటిజం పేరిట ఒక్క అంకె కూడా లేదు. పత్రాల మౌనం వ్యక్తుల అభావానికి సాక్ష్యం కాదు.

ఈ ప్రాంతపు ధ్వని పరిసరాలు విశిష్టమైనవి. సిరిసిల్ల మరమగ్గాల ఎడతెగని చప్పుడు, సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్లు, కేస్లాపూర్ నాగోబా జాతర వాద్యాలు ఒకే రకం శబ్దాలు కావు. కానర్ పరిశీలనను అన్వయిస్తే, శబ్దం ఎంత పెద్దదన్నదొక్కటే ప్రశ్న కాదు. అది ఊహించదగినదా, తన అదుపులో ఉన్నదా అన్నదీ ప్రశ్నే. చెవులు మూసుకునే పిల్లవాణ్ణి మొండివాడనడం సులభం. కానీ ఆ మాట అతని ప్రవర్తనకు తీర్పు చెబుతుందే తప్ప అతని అనుభవాన్ని చెప్పదు.

మాపని ప్రధానంగా తల్లిదండ్రుల మాటపై, పరీక్షకుల పరిశీలనపై ఆధారపడుతుంది. ఆదిలాబాద్‌లో ఆ మాట గోండీలోనో, కొలామీలోనో ఉండవచ్చు. తెలుగులోకి మారేటప్పుడు ఇంద్రియానుభవపు సూక్ష్మ భేదాలు జారిపోయే ప్రమాదం ఉన్నది. కాబట్టి మౌఖిక చరిత్ర పద్ధతిని ఇక్కడికి విస్తరించాలి. మాటతో, బొమ్మతో, సైగతో ఆటిజం గలవారు స్వయంగా ఇచ్చే సాక్ష్యాన్ని ప్రాథమిక ఆధారంగా స్వీకరించినప్పుడే ఈ చరిత్ర వారిని గురించినదిగా మాత్రమే మిగలక, వారిది కూడా అవుతుంది.