నీలం పెట్టెలో బ్రిటన్

మన స్కూలు పుస్తకాల్లో ఇంగ్లండు అంటే దొరల వరస. క్లైవు, కారన్‌వాలిస్, డల్హౌసీ, చివర్లో మౌంట్‌బాటన్. అందరూ సముద్రం దాటి మన మీదికి వచ్చినవాళ్లే. సముద్రం దాటకుండా అక్కడే ఉండిపోయిన జనం ఏం తిన్నారు, దేనికి భయపడ్డారు, మన దేశం చేజారాక ఎలా బతికారు అని పరీక్షలో ఎవరూ అడగలేదు. వేల్స్‌లోని కార్డిఫ్‌కి ఆసుపత్రి ఉద్యోగం మీద వచ్చిన నాకు ఆ సంగతులు చెప్పింది బీబీసీలో శనివారం సాయంత్రాలు వచ్చే సైన్స్ ఫిక్షన్ సీరియల్. పేరు ‘డాక్టర్ హూ’.

డాక్టర్ అన్నది అతని పేరు కాదు, పిలుపు. వేరే గ్రహంవాడు. కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. చావు ముంచుకొస్తే ఒళ్లు మార్చుకుని కొత్త ముఖంతో లేస్తాడు. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడితే, సీరియల్ ఆగిపోకుండా 1966లో పన్నిన ఉపాయం అది. అతని వాహనం ఒక నీలం పోలీసు పెట్టె. లోపలికెళ్తే మాత్రం అంతు దొరకనంత విశాలం. అలాంటి పెట్టెలు ఒకప్పుడు లండన్ వీధుల్లో నిజంగానే ఉండేవి. బీటు కానిస్టేబుల్ స్టేషన్‌తో మాట్లాడేందుకు వాటిలో ఫోన్ ఉండేది. చేతి వైర్‌లెస్ సెట్లు వచ్చాక పెట్టెలు పోయాయి, టీవీలోది మిగిలింది. ఆ రూపం ఎవరి ట్రేడ్‌మార్కు అని బీబీసీకీ లండన్ పోలీసులకీ తగాదా వస్తే 2002లో బీబీసీయే గెలిచింది. పోలీసు పెట్టె మీద పోలీసులకు హక్కు లేదన్నమాట!

మొదటి భాగం వచ్చింది 1963 నవంబర్ 23న, కెన్నెడీ హత్య జరిగిన మర్నాడు. ఆ హడావుడిలో సరిగ్గా చూడనివాళ్ల కోసం వారం తర్వాత మళ్లీ వేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే ఇరవై ఏడేళ్ల అమ్మాయి. దర్శకుడు వారిస్ హుస్సేన్, లక్నోలో పుట్టిన కుర్రాడు. డిసెంబర్‌లోనే డాలెక్‌లు దిగాయి: లోహపు డొల్లలో కూర్చుని, తమలా లేనివాళ్లనల్లా చంపమని గొంతు చించుకునే ప్రాణులు. వాటిని సృష్టించిన టెరీ నేషన్ మా కార్డిఫ్‌వాడే, లాండాఫ్‌లో పుట్టాడు. 1941 జనవరిలో జర్మన్ విమానాలు లాండాఫ్ పెద్ద చర్చిని సగం కూల్చాయి. డాలెక్‌లంటే నాజీలేనని ఆయనే చెప్పాడు. 1964లో అవి వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద ఊరేగుతుంటే చూసిన పెద్దవాళ్లకు అది ఊహాలోకం అనిపించి ఉండదు. ఇంట్లో రేషన్ పుస్తకం మూలపడి పదేళ్లే అయింది.

ఆ తొలినాళ్ల భాగాలు చాలా ఇప్పుడు లేవు. బీబీసీ టేపులు చెరిపేసింది. మన ఊళ్ల చరిత్రలు రాసిన కైఫీయతులు కూడా మూటలు కట్టి దాచిన జాతి, సొంత సీరియల్‌ని మాత్రం చెరుపుకుంది! పాత వలస దేశాల టీవీలకు అమ్మిన కాపీలే కొన్నిసార్లు ఆదుకున్నాయి. 2013లో తొమ్మిది భాగాలు నైజీరియాలో దొరికాయని ప్రకటించారు.

1989లో సీరియల్ ఆపేశారు. 2005 మార్చి 26న తిరిగి మొదలైంది. ఈసారి తయారీ కార్డిఫ్‌లో, పగ్గాలు రసెల్ టి. డేవిస్ అనే వేల్స్ రచయితవి. చిన్నప్పుడు సోఫా వెనక నక్కి చూసిన నా తోటి ఉద్యోగులకు పాడుచేస్తారేమోనని ఒకటే బెంగ. నాకు పోల్చుకోవడానికి పాత జ్ఞాపకం లేదు, కాబట్టి బెంగా లేదు. కొత్త డాక్టర్ క్రిస్టఫర్ ఎకల్‌స్టన్ తోలుజాకెట్టు వేసుకుని ఉత్తర ఇంగ్లండు యాసలో మాట్లాడాడు. అది ఎంత పెద్ద సంగతో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. మన సినిమాల్లో తెలంగాణ మాట ఎన్నేళ్లు విలన్లకూ హాస్యగాళ్లకూ మాత్రమే పరిమితమైందో గుర్తుచేసుకుంటే చాలు. అతని వెంట వెళ్లే రోజ్ బట్టల దుకాణంలో సేల్స్‌గర్ల్. తల్లితో మునిసిపాలిటీ కట్టించిన ఫ్లాట్‌లో ఉంటుంది. దొర కానీ దొరసాని కానీ లేని ఇంగ్లండుని నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఆ ఏడాదే వచ్చిన రెండు భాగాల కథ ఒకటి 1941 లండన్‌లో జరుగుతుంది. బాంబులు పడుతుంటాయి. గ్యాస్ మాస్కు ముఖానికి అతుక్కుపోయిన పిల్లాడొకడు అమ్మ కోసం వెతుక్కుంటూ తిరుగుతాడు. సైరన్ మోగి జనం షెల్టర్‌లోకి పరుగెత్తగానే, వాళ్లు వదిలిన భోజనం బల్లల దగ్గరికి దిక్కులేని పిల్లలు చేరతారు. కథ చివర అందరూ బతుకుతారు. వెళ్లబోతూ డాక్టర్ అక్కడివాళ్లకు, యుద్ధం గెలవండి, ఆపైన సంక్షేమ రాజ్యం సంగతి మరిచిపోకండి అన్న అర్థంలో ఒక మాట విసురుతాడు. నాతో చూస్తున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. యుద్ధం గెలిపించిన చర్చిల్‌ని 1945లో జనం ఎందుకు ఓడించారో నాకు అప్పుడు తలకెక్కింది. బాంబుల కింద ధనిక పేద తేడా లేకుండా పడ్డ కష్టానికి వాళ్లు కూలి అడిగారు. ట్రెడెగర్ బొగ్గుగనుల నుంచి వచ్చిన మంత్రి అనూరిన్ బెవాన్ చేతుల మీదుగా 1948 జులై 5న ఉచిత వైద్యం మొదలైంది. నాకు జీతమిచ్చేది ఆ వ్యవస్థే. మన దగ్గర నుంచి వచ్చిన డాక్టర్లూ నర్సులూ లేకపోతే అది నిలబడేది కాదు.

నా ఫిర్యాదు ఒక్కటే. హిట్లర్ గురించి ఇంత ధైర్యంగా మాట్లాడిన సీరియల్ సామ్రాజ్యం దగ్గర చాలాకాలం నేరుగా నోరు మెదపలేదు. దేశవిభజన మీద కథ రావడానికి 2018 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. వినయ్ పటేల్ రాసిన ఆ కథలో హిందువైన ప్రేమ్, ముస్లిం ఉంబ్రీన్ సరిహద్దు గీత పడుతున్న వేళ పెళ్లి చేసుకుంటారు. ప్రేమ్ బ్రిటన్ తరఫున యుద్ధం చేసి వచ్చినవాడు. రాక్షసులనుకున్న గ్రహాంతరవాసులు శోకించడానికి వచ్చినవాళ్లని తేలుతుంది. చావు తెచ్చేది సొంత తమ్ముడు. మంచి కథ, కన్నీళ్లు పెట్టించింది. కానీ గీత గీసిన రాడ్‌క్లిఫ్ గాని, తొందరపెట్టిన మౌంట్‌బాటన్ గాని తెర మీదికి రారు. తప్పంతా తమ్ముడి మీదే మిగిలిపోయింది.

చూడాలనుకునేవాళ్లు 1963 నుంచి మొదలుపెట్టకండి, ఓపిక చాలదు. 2005లో రోజ్‌తో మొదలుపెట్టి, గ్యాస్ మాస్కు పిల్లాడి కథ చూసి, తర్వాత దేశవిభజన కథకు రండి. మన పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకునే చూడండి.