యాభై ఏళ్ల కేబులుకు లైనక్స్ ఇంట్లో చోటు

పాత ఫిజిక్స్ ల్యాబులో పనిచేసినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. బల్ల మీద పాతికేళ్ల నాటి ఓల్ట్‌మీటరు నిక్షేపంగా ఉంటుంది. దాని పక్కన కంప్యూటరు మాత్రం నాలుగోదో, అయిదోదో. మీటరు వెనక నుంచి వచ్చే బొటనవేలంత లావు కేబులును కొత్త కంప్యూటరుకు తగిలించగానే పాత ప్రశ్నే మళ్లీ లేస్తుంది: లైనక్స్‌లో దీనికి డ్రైవర్ ఉందా?

ఆ కేబులు హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లది. అంతకుముందు ఏ పరికరం వైరింగు దానిదే. మీటరును, సిగ్నల్ జనరేటరును కలిపి పనిచేయించాలంటే ప్రతిసారీ కొత్తగా సోల్డరింగు మొదలుపెట్టాల్సిందే. 1960ల చివర్లో ఆ కంపెనీ తన పరికరాలన్నిటికీ ఒకే దారి వేసి హెచ్‌పీఐబీ అని పేరు పెట్టుకుంది. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. పోటీదారు పేరును నెత్తిన పెట్టుకోవడం ఇష్టం లేక కాబోలు, దాన్ని జీపీఐబీ అన్నారు. 1975లో ఐఈఈఈ దాన్ని 488వ నంబరు ప్రమాణంగా ప్రకటించింది.

కనెక్టరుకు 24 పిన్నులు. వాటిలో 8 డేటాకు, 3 హ్యాండ్‌షేక్‌కు, 5 అజమాయిషీకి, మిగిలిన 8 గ్రౌండ్‌కు. ఉప్పుమూట ఎక్కినట్టు ఒక కనెక్టరు వీపు మీద ఇంకోటి ఎక్కుతుంది. అలా కంప్యూటరుతో కలిపి 15 పరికరాల దాకా, మొత్తం 20 మీటర్ల కేబులు మీద నడపొచ్చు. నాకు ముచ్చటేసేది ఆ మూడు హ్యాండ్‌షేక్ తీగలే. బంతి భోజనంలో చివరివాడు తినడం అయ్యేదాకా ఎవరూ లేవరు కదా, ఇక్కడా అదే మర్యాద. వింటున్న పరికరాల్లో అన్నిటికన్నా నెమ్మదిది "అందింది" అనేదాకా తర్వాతి బైటు కదలదు. అందుకే చురుకైనదీ నత్తనడకదీ ఒకే కేబులు మీద గొడవ లేకుండా కాపురం చేస్తాయి. 1977లో వచ్చిన కమడోర్ పెట్ అనే చిన్న కంప్యూటరు డిస్క్ డ్రైవును కూడా ఈ కేబులుకే తగిలించుకుంది.

అమెరికాలోని ఆస్టిన్‌లో జేమ్స్ ట్రూచార్డ్, జెఫ్ కొడోస్కీ, బిల్ నౌలిన్ 1976లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పెట్టింది ఈ కేబులును నమ్ముకునే. పీడీపీ-11 కంప్యూటరుకు జీపీఐబీ కార్డు వాళ్ల మొదటి సరుకు.

లైనక్స్ కథ 1990లలో బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో మొదలవుతుంది. ల్యాబు పనులకు లైనక్స్‌ను వాడుకుందామన్న ప్రయత్నంలో క్లాస్ ష్రోటర్ జీపీఐబీ డ్రైవర్ రాశాడు. తర్వాత ఫ్రాంక్ మోరీ హెస్ దాన్ని అందుకుని ఏళ్ల తరబడి మోశాడు, ఆ తర్వాత డేవ్ పెంక్లర్. మోయడం అని ఊరికే అనలేదు. లైనక్స్ కెర్నెల్ తన లోపలి ఏర్పాట్లను ఎప్పటికప్పుడు మార్చుకుంటుంది. ఇంట్లో ఉన్న డ్రైవర్లనైతే ఆ మార్పు చేసినవాళ్లే సరిచేసి పెడతారు. ఈ జీపీఐబీ డ్రైవర్‌లా బయట ఉన్నదాన్ని పట్టించుకునే బాధ్యత ఎవరికీ లేదు. కెర్నెల్ అప్‌డేట్ అయిన మర్నాడు కొలత ఆగిపోతే, డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేసుకోవడం ల్యాబు వాళ్ల తలనొప్పి. కార్డు కంపెనీలు సొంతంగా లైనక్స్ డ్రైవర్లు ఇచ్చినా, అవి ఎంపిక చేసిన కొన్ని డిస్ట్రిబ్యూషన్లకే.

ఈ మోత కొంత తేలికైందంటే చిప్పుల పుణ్యం. కార్డు మీద కంపెనీ పేరు ఏదైనా, చాలావాటిలో గుండె ఎన్‌ఈసీ వారి 7210 లేదా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి 9914. నేషనల్ వాళ్లు తర్వాత సొంతంగా టీఎన్‌టీ4882 చేసుకున్నారు. ఆ రెండు మూడు చిప్పుల నాడి పడితే డజన్ల కార్డులు లొంగుతాయి. యూఎస్‌బీ అడాప్టర్లు వచ్చాక చిక్కు ముదిరింది. నేషనల్ వారి జీపీఐబీ-యూఎస్‌బీ-బీ, ఆజిలెంట్ కంపెనీ వారి 82357 లాంటివి బుర్ర ఖాళీగా పుడతాయి. తగిలించినప్పుడల్లా వాటిలోకి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. డ్రైవర్ ఉండి ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే అడాప్టరు మూగదే.

ఈ గొడవంతా లేకుండా పరికరానికే నేరుగా యూఎస్‌బీ పెట్టే పద్ధతి 2003లో ప్రమాణమైంది. దాని పేరు యూఎస్‌బీటీఎంసీ. ఆజిలెంట్ ఇంజనీరు రాసిన డ్రైవర్‌తో 2008లోనే అది లైనక్స్ కెర్నెల్‌లో చేరిపోయింది. వయసులో చిన్నది ముందు గడప దాటింది. ప్రపంచంలోని ల్యాబులు దశాబ్దాలుగా ఆధారపడ్డ జీపీఐబీ మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. నా దృష్టిలో ఇది సాంకేతిక లోపం కాదు, లైనక్స్ లోకం చూపిన అశ్రద్ధ. ఎట్టకేలకు 2025 జనవరిలో విడుదలైన 6.13 కెర్నెల్‌లో ఆ డ్రైవర్ల గుంపు చేరింది, అదీ స్టేజింగ్ అనే వసారాలో. పాత కార్డులతో పాటు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పిన్నులతోనే జీపీఐబీని నడిపే డ్రైవరూ ఆ గుంపులో ఉంది.

మీ ల్యాబులో అటకెక్కిన జీపీఐబీ కార్డు ఉంటే, పాత సామాన్లవాడికి వేసే ముందు దాని మీది పెద్ద చిప్పు అక్షరాలు ఒక్కసారి చదవండి. 7210, 9914, 4882 అంకెల్లో ఏది కనిపించినా కిందకు దించండి. కార్డు మరీ పాతదై ఐఎస్ఏ రకమైతే మాత్రం, డ్రైవర్ కన్నా ముందు దాన్ని గుచ్చడానికి స్లాటున్న కంప్యూటరును వెతుక్కోవాలి.